లోవమ్మ నడుముకున్న రాళ్ళు

1

గాలి: తూర్పు. వాలు: లేదు.

పై రెండు మాటలూ పేర్రాజు తాతగారి కోసం. ఆయన నీళ్ళ మీద తేలే మా తెప్పలంకకి తూకంపెద్ద, అంటే లంక ఒక పక్కకి ఒరగకుండా చూసే పెద్ద. ఈ దినచర్య ఎవరు రాసినా ఆయన చదివేది గాలి ఎటు వీచింది, లంక ఎటు వాలింది, అంతే. ఆ కింద ఏం రాసినా చూడరని నాకంటే ముందు ఈ పని చేసిన భద్రక్క చెప్పింది. తను ఏడాది పొడుగునా కాబోయే అత్తగారిని తిట్టిపోసిందట. ఆయన ప్రతి పుట చివరా చక్కగా సంతకం పెట్టారు.

కాబట్టి మిగతాదంతా నా ఇష్టం.

నా పేరు తాయారు. పదహారో ఏడు నడుస్తోంది. నా ఈడు వాళ్ళలో ఒకరిని ఏటా ఈ పనికి పెడతారు. పొద్దునా సాయంత్రం నడివంతెన మీదికి వెళ్ళి రసమట్టం చూడాలి. అదేదో మహత్తుగల వస్తువు అనుకునేరు. వెనకటికి నేల మీద ఇళ్ళు కట్టినప్పుడు మేస్త్రీలు మట్టం చూసుకునే గాజుగొట్టం అది. అందులో నీళ్ళు, నీళ్ళలో ఒక బుడగ. బుడగ మధ్యలో ఉంటే లంక సమంగా తేలుతున్నట్టు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది మధ్యలోనే ఉంది. చచ్చిన చేప కూడా అంతకంటే ఎక్కువ కదులుతుంది.

ఆ గొట్టానికి మా వాళ్ళు శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెడతారు. పసుపు ఎక్కువై ఒక్కోసారి బుడగే కనబడదు. అప్పుడు గోటితో గీకి చూసి, "వాలు లేదు" అని రాస్తాను.

2

గాలి: తూర్పే. వాలు: లేదు.

ఇవాళ అమ్మ పడమటి రెక్కకి వెళ్ళి ఎండురొయ్యలు తెమ్మంది. మా లంకకి రెండు రెక్కలు, మధ్యలో వంతెన. పీపాలు, పాత పడవలు, వెదురు బొంగులు కలిపి మా తాతలు కట్టుకున్నారు. ఇప్పుడది ఎంత పెరిగిందంటే తూర్పు అంచున అరిస్తే పడమటి అంచుకి వినపడదు. మా తూర్పు రెక్కలోనే కూరగాయల మడులు, కోళ్ళ దొడ్లు, బడి ఉన్నాయి. అయినా సరే అవతలికి వెళ్ళాలంటే లేచి వెళ్ళిపోవడం కుదరదు. ముందు బూర ఊదాలి. నా బూర విని పడమటి వైపు లోవమ్మ బయల్దేరాలి. ఇద్దరం ఒకేసారి వంతెన ఎక్కాలి. నేను అటు, అది ఇటు. అప్పుడే లంక తూకం చెడదట.

లోవమ్మ నా సరిజోడు. ఇక్కడ పన్నెండేళ్ళు నిండగానే ప్రతివాళ్ళకీ అవతలి రెక్క నుంచి సమానమైన బరువున్న మనిషిని వెతికి జోడు కడతారు. పెద్ద త్రాసులో చెరో పళ్ళెంలో కూర్చోబెట్టి, ముల్లు నిలవగానే అక్షింతలు వేస్తారు. పెళ్ళికి కూడా అంత హడావిడి ఉండదు. ఆ రోజు నుంచి ఇద్దరూ ప్రాణస్నేహితులు. మా వాళ్ళ భాషలో ప్రాణస్నేహితులంటే జన్మలో ఒకచోట కూర్చోని ఇద్దరు.

వంతెన మీద ఎదురైనప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆగకూడదు, నడుస్తూనే మాట్లాడాలి.

"ఏటే, మొహం అలాగుంది?" అంది లోవమ్మ ఇవాళ.

"నా మొహమే అంత. మీ ఇంట్లో ఏం వండారు?"

"గోంగూర. కుండ అడుగున నీకు దాసేను. మా అన్న సూడకముందే తినెయ్."

"నా దిండు కింద రేగొడియాలున్నాయి. మా అమ్మని అడక్కు, నువ్వే తీసుకో."

అంతే, దాటిపోయాం. మూడేళ్ళుగా మా స్నేహం ఇలాంటి ముక్కలతోనే నడుస్తోంది. దాని ఇంట్లో నాకు తెలియని మూల లేదు. దాని పీట మీద కూర్చుంటాను, దాని గిన్నెలో తింటాను, దాని చాప మీద మధ్యాహ్నం కునుకు తీస్తాను. అది మా ఇంట్లో అచ్చం అలాగే. వాళ్ళమ్మకి నేనంటే ప్రాణం, మా అమ్మకి అదంటే ప్రాణం. లోవమ్మ ఇంట్లో ఉన్న లోవమ్మని మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

తూర్పు రెక్కలో నా ఈడు పిల్లలు లేకపోలేదు. వాళ్ళతో మాట్లాడటం కంటే కోళ్ళతో మాట్లాడటం నయం. ఎప్పుడు చూసినా ఎవరి నడుము ఎంత, ఎవరి జోడు ఎంత సరిగ్గా తూగింది, ఇదే గోల. మొన్న సింహాచలం అనే పిల్ల తన సరిజోడు గురించి చెబుతూ ఏడ్చేసింది, అంత ప్రేమట. ఆ సరిజోడు కళ్ళు ఏ రంగో చెప్పమంటే నోరు తెరిచింది.

3

గాలి: లేదు. వాలు: లేదు. సిగ్గు: ఎవరికీ లేదు.

ఇవాళ పౌర్ణమి తూకం. వంతెన మధ్యలో త్రాసు పెట్టి జోళ్ళన్నిటినీ మళ్ళీ తూస్తారు. పెద్దవాళ్ళ ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి వాళ్ళతో చిక్కు లేదు. చిక్కంతా మాలాంటి వాళ్ళతోనే. నా పళ్ళెం దబ్బున కిందికి దిగింది. లోవమ్మ పళ్ళెం కాళ్ళు ఆడించుకునేంత పైకి లేచింది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నేను ఈ మధ్య ఎదుగుతున్నాను. పొడుగూ, లావూ రెండూ. పోయినేడు కుట్టిన రవికలు చేతులు పట్టడం లేదు. లోవమ్మ మాత్రం పన్నెండేళ్ళప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, పుల్లలాగా. ఇందులో నా తప్పూ లేదు, దాని తప్పూ లేదు. కానీ ముల్లు నిలవాలి. నిలవకపోతే తేలికైన మనిషి నడుముకి రాళ్ళసంచి కడతారు. మొదట్లో దానికి రెండు గులకరాళ్ళు ఉండేవి. ఇవాళ సంచినే మార్చారు. ఇటుకలు మోసే సంచి అది.

పేర్రాజు తాతగారే స్వయంగా కట్టారు. ముడి వీపు వైపు వేస్తారు, కట్టుకున్నవాళ్ళ చేతికి అందకుండా. పిల్లలు దొంగతనంగా రాళ్ళు పారబోస్తారని భయం. పడుకునేటప్పుడు వాళ్ళమ్మ విప్పుతుంది, పొద్దున్నే మళ్ళీ కడుతుంది.

"చూశారా," అన్నారు తాతగారు జనం వైపు తిరిగి. "స్నేహమంటే ఇదమ్మా. ఒకరి భారం ఇంకొకరు పంచుకోవడం."

పంచుకోవడమట! పెరిగింది నేను, మోసేది అది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ముసలావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. లోవమ్మ ఆ సంచితో నిలబడి నవ్వింది. నవ్వుతూనే ఒక చేత్తో వంతెన కమ్మీ పట్టుకుంది.

"దానికి వేరే జోడు వెతకొచ్చు కదా తాతగారూ," అన్నాను.

"జోడు మార్చడం అరిష్టం అమ్మాయ్. అలాంటి మాట అనకూడదు."

"పోనీ ఈ రాళ్ళు నేనెక్కడైనా దింపుకుంటే?"

ఆయనకి అర్థం కాలేదు. నాక్కూడా అర్థం కాలేదు, కోపంలో అన్నాను. ఇంటికొచ్చాక అమ్మ కంచంలో అన్నం వడ్డించి, "ఎదిగే పిల్లవి, ఇంకో ముద్ద తినవే," అంది. ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను తినే ప్రతి ముద్దా వెళ్ళి ఆ సంచిలో పడుతుంది. కంచం పక్కకి నెట్టేశాను.

4

గాలి: ఈశాన్యం. వాలు: లేదు.

ఇవాళ మా లంకకి పరాయి మనిషి వచ్చింది. మా వాళ్ళ మర్యాద చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పొద్దున్నే తూర్పు అంచుకి ఒక చిన్న పడవ కొట్టుకొచ్చింది. అందులో ఒక్కతే ఆడమనిషి. మా అమ్మకంటే చిన్నది, భద్రక్క కంటే పెద్దది. మోటారు చెడిపోయి తెడ్డుతో వస్తోంది. లేచి నిలబడి తాడు ఇటు విసరబోయింది. అంచున ఉన్నవాళ్ళు ఆమెను చూశారు. చూడగానే, "సర్దుకోండి, సర్దుకోండి!" అని కేకలు పెట్టుకుంటూ మూకుమ్మడిగా లోపలికి పరిగెత్తారు. పిల్లల్ని చంకనేసుకుని మరీ పరిగెత్తారు.

ఇది మాకు మంచి మర్యాద. కొత్త బరువు అంచు మీదికి ఎక్కుతోందంటే అందరూ వెనక్కి జరిగి చోటివ్వాలి. ఎంత దూరం జరిగితే అంత గౌరవం. పేర్రాజు తాతగారు వంతెన దాకా జరిగారు. అక్కడి నుంచి చేతులు జోడించి నమస్కారం పెట్టారు.

పాపం ఆ మనిషికి ఇవేం తెలుస్తాయి? విసిరిన తాడు నీళ్ళలో పడింది. మళ్ళీ లాగి విసిరింది. మళ్ళీ పడింది.

"ఏందమ్మా, నన్ను జూసి గట్ల ఉరుకుతున్నరేంది?" అని అరిచింది. "నేనేమన్న పులినా? తాడు వట్టేటోళ్ళు ఒక్కరు లేరా ఈ ఊర్ల?"

ఆ యాస విని పిల్లలు కిలకిలమన్నారు. ఎవరూ కదలలేదు. ఆమె పళ్ళు నూరుకుంటూ పడవ అంచు నుంచి మా వెదురు గడ మీదికి దూకింది. మోకాలు చీరుకుపోయింది. తాడు తనే కట్టుకుంది. అప్పుడు మా వాళ్ళంతా దూరం నుంచే సంతోషంగా చప్పట్లు కొట్టారు. ఆమె బరువుకి సరిపడా రాళ్ళ బుట్టలు పడమటి అంచున పెట్టించి, ఇక దిగుల్లేదన్నారు తాతగారు.

ఆమె పేరు లస్మక్క. నీళ్ళు ఎక్కని ఎత్తు ప్రాంతం నుంచి వచ్చింది, అక్కడ ఇంకా మట్టి నేల ఉందట. విత్తనాలు అమ్ముకుంటూ తేలే ఊళ్ళన్నీ తిరుగుతుంది. మోటారు బాగయ్యేదాకా మా పక్క పాకలో ఉంటుంది.

5

గాలి: ఈశాన్యం. వాలు: లేదు.

లస్మక్క నాకు నచ్చలేదు. ప్రతిదానికీ నవ్వుతుంది. బూర వింటే నవ్వుతుంది, రసమట్టానికి బొట్టు చూసి నవ్వుతుంది. మా వాళ్ళని వెక్కిరించే హక్కు నాది. నిన్న వచ్చిన మనిషికి ఎవరిచ్చారు?

నేను ఆమె మోకాలికి కట్టు కడుతుంటే అడిగింది, "నీ దోస్తు ఏది బిడ్డా? ఈ వయసుల ఒక్కదానివే తిరుగుతున్నవు."

"అటువైపు ఉంటుంది."

"మరి నువ్వు ఆడికి వోరాదు?"

"నేను అటు వెళితే అది ఇటు రావాలి."

ఆమె పడీపడీ నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేను కట్టు గట్టిగా బిగించాను, నొప్పి పుట్టాలని. అప్పుడు ఆగింది.

"అంటే మీరిద్దరు ఎన్నడు ఒక్కకాడ కూసోలేదా?"

"లేదు."

"ఒక్కసారి గూడ?"

"ఎన్నిసార్లు చెప్పాలి? లేదు."

ఆ తర్వాత ఆమె నవ్వలేదు. "మా ఊర్ల ఎవలన్న కింద వడితె అందరు మీదికి ఉరుకుతరు. గాలి సుత ఆడనియ్యరు. గదీ తప్పే. గని గిదేంది తల్లీ," అంది. ఆ నవ్వే నయమనిపించింది నాకు.

మా వాళ్ళు మరీ అంత పిచ్చివాళ్ళు కాదని ఆమెకి చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే నాకే ఒళ్ళు మండింది. తొలిరోజుల్లో ఈ లంక నాలుగు పీపాల తెప్ప. నేల మునిగాక అన్నం లేక తేలుతున్న జనం. ఒకనాడు దూరంగా సహాయపడవ కనబడింది. అందరూ చేతులూపుకుంటూ ఒకే అంచుకి పరిగెత్తారు. తెప్ప బోర్లా పడింది. ఆ రోజు పోయినవాళ్ళలో పేర్రాజు తాతగారి భార్య ఉంది, కడుపుతో. అప్పుడు ఆయన కుర్రవాడు. తేలి బతికినవాళ్ళు ఇక ఎప్పుడూ ఒక పక్కకి పరిగెత్తమని ఒట్టు వేసుకున్నారు.

"అది నాలుగు పీపాల తెప్ప," అంది లస్మక్క. "ఇది ఊరు."

ఈ సంగతి నాకు తెలియదా? బుడగ కదలదని రోజుకి రెండుసార్లు చూసేది నేను. ఆమె చెప్పడమే నాకు నచ్చలేదు.

6

గాలి: ఉంది. వాలు: లేదు.

నేను రాత్రి అన్నం మానేసి కొన్నాళ్ళయింది. ఎదుగుదల ఆగితే రాళ్ళు ఆగుతాయి కదా అని. అమ్మకి కడుపునొప్పి అని చెప్పాను. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి, రవికలు మాత్రం ఇంకా బిగుతవుతూనే ఉన్నాయి. ఈ ఒంటికి కూడా నా మాటంటే లెక్కలేదు.

ఇవాళ పడమటికి వెళ్ళాను. లోవమ్మ వాళ్ళమ్మ అంబలి పోస్తూ నిట్టూర్చింది.

"దీనికేటయిందో తెలీట్లేదు తల్లీ. పూటపూటా ఇద్దరి తిండి తింటంది. తిని కక్కుకుంటంది, మల్లీ తింటంది. ఒంటికి పట్టదు. నడుము సుట్టూ తాడు ఒరిసి పుండు పడింది. వద్దే అంటే వినదు."

అంబలి గిన్నె కింద పెట్టేశాను. నేను ఇక్కడ కడుపు మాడ్చుకుంటున్నాను, అది అక్కడ కడుపు పగిలేలా తింటోంది. ఇద్దరం ఎంత తెలివైనవాళ్ళమో చూడండి. ఒక్క పూట ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయం.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద ఎదురైంది. వంగి నడుస్తోంది.

"తిండి మానేసేవంట," అంది ముందే. "మీ అమ్మ సెప్పి ఏడిసింది. ఏటే ఆ ఎదవ్వేషాలు?"

"నువ్వు కక్కుకునేదాకా తింటున్నావట. అది మంచి వేషమా?"

"నువ్వు ఎదగాలే. మీ నాన్నలాగ పొడుగవ్వాలి. నాకోసం ఆగిపోతే ఊరుకోను."

"ఒసేయ్, ఆ రాళ్ళు నీళ్ళలో పారెయ్."

"ముడి ఎనకుంది కదే."

"తిరుగు. నేను విప్పుతాను."

అది నిజంగానే ఆగింది. వీపు ఇటు తిప్పింది కూడా. నా చెయ్యి ముడి మీద పడింది, తాడు తడిగా ఉంది, రక్తమో చెమటో. వెనక నుంచి సింహాచలం వాళ్ళ నాన్న అరిచాడు, "నడవండి నడవండి, వంతెన మీద ఆగుతారేటి! మీ స్నేహాలు పాడుగానూ!" ఆయన వెనక ఇంకో ఇద్దరు. లోవమ్మ ఉలిక్కిపడి నడిచింది. నేనూ నడిచాను. నా కాళ్ళ మీద నాకే అసహ్యం వేసింది. నేర్పిన కుక్కలాగా వాటంతట అవే నడిచాయి.

7

గాలి: తూర్పు నుంచి, గట్టిగా.
వాలు: తూర్పుకి. బాగా. కారణం: మా వాళ్ళ మంచితనం.

పేర్రాజు తాతగారూ, ఇవాళ కింద కూడా చదవండి.

లస్మక్క మోటారు బాగయింది. గాలివాటం చూసుకుని పడవని పడమటి అంచుకి తెచ్చుకుంది. వెళ్ళిపోతోందని పడమటి వాళ్ళంతా మర్యాదగా బాగా వెనక్కి జరిగి నిలబడ్డారు. లోవమ్మ అటువైపే ఉంది కాబట్టి నేను వెళ్ళడానికి లేదు. సాయంత్రపు వాలు చూడాలన్న వంకతో వంతెన మీద నిలబడి చూస్తున్నాను.

లస్మక్క పడవలోకి దిగింది. కట్టుతాడు విప్పాలి, మోటారు పట్టుకోవాలి, రెండూ ఒక్కతే చెయ్యడం కుదరదు.

"వచ్చిననాడు ఎట్లయితె అట్లాయె," అని అరిచింది. "పోయెటప్పుడన్న ఒక్కరు తాడు వట్టుండ్రి!"

జనం నమస్కారాలు పెట్టారు. ఇంకో అడుగు వెనక్కి జరిగారు.

లోవమ్మ ముందుకి వెళ్ళింది.

మా లంకలో కట్టుబాట్లన్నీ తు.చ. తప్పకుండా పాటించే పిల్ల ఎవరంటే లోవమ్మ పేరే చెబుతారు. ఆ లోవమ్మ నడుముకి రాళ్ళతో వంగి వంగి అంచుదాకా వెళ్ళి, తాడు విప్పి, చేతికి చుట్టుకుని పట్టుకుంది. లస్మక్క మోటారు తిప్పింది. గాలికి పడవ ఒక్క ఊపు ఊగింది. తాడు బిగిసింది. లోవమ్మ నీళ్ళలో పడింది.

పెద్ద చప్పుడు కూడా కాలేదు.

పడగానే పడమటి రెక్క మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. "సర్దుకోండి!" అని. అందరూ పరిగెత్తారు. నీళ్ళ వైపు కాదు, వంతెన వైపు. అంచున మనిషి పడింది, అక్కడ జనం మూగితే లంక బోర్లా పడుతుంది, కాబట్టి తూర్పుకి పరిగెత్తాలి. అది సాయమని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. లోవమ్మ అన్న పరిగెత్తాడు. లోవమ్మ వాళ్ళమ్మ గుండెలు బాదుకుంటూ, వెనక్కి చూస్తూ, పరిగెత్తింది. నన్ను రాసుకుంటూ నా పక్క నుంచే పోయారు.

"తాయారూ, నడిమిలో కూచో!" అని ఎవరో నా భుజం నొక్కారు. సరిజోడు నీళ్ళలో పోతే రెండో మనిషి వంతెన మధ్యలో కూర్చోవాలట, తూకం కోసం. దానికి కూడా ఒక కట్టుబాటు ఉంది. అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నారు, తాడు అందించడం తప్ప.

నేను వాళ్ళకి ఎదురు పరిగెత్తాను. ఆ మందలో మోచేతులతో పొడుచుకుంటూ, ఎవరి కాళ్ళు తొక్కానో చూడకుండా పోయాను. భయం వేసింది. లంక బోర్లా పడుతుందేమోనని నిజంగా భయం వేసింది, ఇన్నాళ్ళూ వెక్కిరించినదాన్ని, నాకే. అయినా ఆగలేదు. పడమటి రెక్క అంతా ఖాళీ. పొయ్యిల మీద కూరలు ఉడుకుతున్నాయి, ఒక్క మనిషి లేడు.

లోవమ్మ పీపాలకి కట్టిన మోకుని రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. రాళ్ళు కిందికి లాగుతున్నాయి. గడ్డం దాకా నీళ్ళు, ఒక్కో అల మూతి మీదుగా పోతోంది. నన్ను చూసి, "నువ్వెందుకొచ్చేవే, ఎల్లిపో, అటెల్లు," అంది. ఆ స్థితిలో కూడా తూకమే!

బోర్లా పడుకుని దాని జబ్బ పట్టుకుని లాగాను. రాలేదు. దూరంగా లస్మక్క పడవ తిప్పుకుంటూ అరుస్తోంది, "రాళ్ళిడువు! ముందుగాల రాళ్ళిడువు!"

ముడి దాని వీపు మీద, నీళ్ళ కింద ఉంది. నేను మోకు పట్టుకుని నీళ్ళలోకి దిగాను. వెనక నుంచి దాన్ని వాటేసుకుని ముడి వెతికాను. నానిన ముడి. గోళ్ళు విరిగాయి. పళ్ళతో పట్టి లాగడానికి ఊపిరి బిగబట్టి మునిగాను. ఉప్పు నీళ్ళు, దాని నెత్తురు, తాడు పీచు, అన్నీ నోట్లోకి పోయాయి. పేర్రాజు తాతగారూ, మీ ముడి చాలా గట్టి ముడి. ఆ ముడి వేసిన చేతుల్ని నేను నీళ్ళ కింద తిట్టినట్టు ఎవరినీ ఎప్పుడూ తిట్టలేదు.

వదులైంది. సంచి జారి కిందికి పోయింది. లోవమ్మ ఒక్కసారిగా పైకి లేచి, నా గడ్డానికి తల తగిలించి, దగ్గుతూ ఏడ్చింది. ఈలోగా లస్మక్క వచ్చి ఇద్దర్నీ జుట్టు పట్టుకుని పైకి లాగింది.

పడమటి అంచున ముగ్గురం పడి ఉన్నాం. అప్పుడు తూర్పు నుంచి ఊరంతా కలిసి అరిచిన అరుపులు వినబడ్డాయి. మా లంకలో ఉన్న ప్రతి ప్రాణీ తూర్పు అంచుకి చేరేసరికి లంక నిజంగానే అటు వాలింది. మోకాళ్ళ దాకా నీళ్ళు ఎక్కాయట. కోళ్ళగంపలు తేలాయి, బడి తడిసిపోయింది, పొయ్యిలు ఆరిపోయాయి. మునిగినవాళ్ళు లేరు. రసమట్టం పెట్టిన దగ్గర నుంచీ ఇంత వాలు ఎప్పుడూ లేదు. ఇది ఒక పిల్ల పడితే వచ్చిన వాలు కాదు. మీరందరూ కలిసి ఆ పిల్లకి సాయం చేస్తే వచ్చింది.

లస్మక్క వెళ్ళేటప్పుడు తాడు లోవమ్మే మళ్ళీ పట్టుకుంది. ఈసారి దాని నడుము నేను పట్టుకున్నాను. లస్మక్క నాకు ఇప్పటికీ పెద్దగా నచ్చదు. కానీ పడవ కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాను.

8

ఇవాళ పైన ఏమీ రాయలేదు. వెతుక్కోకండి.

పొద్దున్న బూర వినపడలేదు. తలుపు తీసి లోవమ్మ లోపలికి వచ్చింది. దాని నడుముకి పసుపు అద్దిన గుడ్డ కట్టు ఉంది, సంచి లేదు. దాన్ని చూడగానే నేను లేచి తలుపు వైపు నడిచాను. అది వస్తే నేను పోవాలి, ఒంటికి పట్టిన అలవాటు అది.

"కూచోవే," అంది.

కూర్చున్నాను. అది నేరుగా వెళ్ళి మూలనున్న కడవలో నీళ్ళు ముంచుకుని తాగింది, నా దిండు కింద చెయ్యి పెట్టి వడియాలు తీసుకుంది. నేను చూపించాల్సింది ఏమీ లేదు, మా ఇల్లు దానికి నాకంటే బాగా తెలుసు. వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది.

"ఏం వండారు మీ ఇంట్లో?" అన్నాను.

"ఏటీ లేదు. పొయ్యిలు తడిసిపోయిన ఈ పక్కోళ్ళకి అంబలి కాసి పంపింది మా అమ్మ."

అయిపోయింది. వంతెన మీద అయితే ఈపాటికి దాటిపోయేవాళ్ళం. తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. మూడేళ్ళు రెండేసి మాటలు మాట్లాడి మాట్లాడి, మూడో మాట ఎలా ఉంటుందో నేర్చుకోలేదు మేము. మొహాలు చూసుకున్నాం. దాని ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది. ఎప్పటి నుంచి ఉందో. సింహాచలాన్ని చూసి నవ్వినదాన్ని నేను. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఎల్లిపోనా?" అంది అది, గాభరాగా.

"కూర్చో. కదిలావంటే చంపేస్తాను."

కాసేపటికి గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. పేర్రాజు తాతగారు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉప్పు గీతలు కట్టింది, నిన్నటి నుంచి మార్చుకోలేదు. చేతిలో కొత్త సంచి ఉంది. సంతకానికి తీసుకెళ్ళిన ఈ దినచర్య కూడా ఉంది. నిన్నటి పుట మధ్యలో వేలు పెట్టుకుని ఉన్నారు. సంతకం లేదు.

ఆయన మమ్మల్నిద్దర్నీ ఒక చాప మీద చూశారు. కాలికింద ఇల్లు ఏమైనా కదులుతుందేమోనని చూసుకున్నట్టు నాకనిపించింది.

"ఆనాడు తెప్ప మీద జనంతోపాటు అటు పరిగెత్తాను," అన్నారు చివరికి. "నిన్న జనంతోపాటు ఇటు పరిగెత్తాను. రెండుసార్లూ నా మనిషి నీళ్ళలోనే ఉందమ్మా."

నా నోటికి చాలా మాటలొచ్చాయి, అన్నీ పదునైనవే. ఒక్కటీ అనలేదు. ఆయన సంచి ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డారు. లోవమ్మ లేచి, ఆయన చేతిలోంచి తీసుకుని, అందులో మా అమ్మ ఉల్లిపాయలు పోసి దూలానికి తగిలించింది.

ఆయన ఈ పుస్తకం నా ముందు పెట్టారు. "పొద్దున్న రసమట్టం చూశావా అమ్మాయ్?" అన్నారు. గొంతులో అధికారం లేదు. అలవాటు కొద్దీ అడిగారు, ఇందాక నేను లేచి తలుపు దాకా నడిచినట్టే.

లోవమ్మ నా వైపు చూసింది. నేను కలం తీసుకుని ఆయన ఎదురుగానే పుట అడుగున రాశాను.

గాలి: తెలియదు, లోపలే ఉన్నాం.

వాలు: చూడలేదు.